చేతన్‌ను పంపని పద్నాలుగు నెలలు

నేను పనిచేసిన పిల్లల ఆసుపత్రిలో కొత్తగా చేరిన స్పీచ్ థెరపిస్టులు, నా అనుభవాలు రాసివ్వమని అడిగారు. ఏ పద్ధతి ఏ బిడ్డకు పనిచేసింది, మొండికేసే పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలి, తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలి, ఇలాంటివి రాస్తానని అనుకున్నట్టున్నారు. అవన్నీ మీ పుస్తకాల్లో నాకంటే బాగా రాసి ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. మాటలు రాని పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడి మేలు కంటే నా పేరు గురించి ఎక్కువగా ఆలోచించిన రోజులు నాకున్నాయి. ఏదో నాలుగు రోజులని చెప్పి తప్పించుకోవడానికి లేదు. పద్నాలుగు నెలలు.

నా పేరు రేణుక. బెంగళూరు చిక్కపేటలో పుట్టాను. నాన్న టోకు చీరల కొట్లో గుమాస్తా. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లిష్. మూడు భాషల్లో మాట్లాడే పిల్లనని అందరూ మెచ్చుకునేవారు. మాటల మీద ఇష్టం అక్కడే మొదలైందేమో. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ బెంగళూరులోనే మాటలు ఆలస్యమైన పిల్లలతో పనిచేసి, రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను.

మిస్

ముందు ఈ పని ఏమిటో చెబుతాను. తల్లులు మనల్ని డాక్టర్ అని పిలవరు, "మిస్" అంటారు. నేల మీద కూర్చుని సబ్బు బుడగలు ఊదుతాం. బిడ్డ బుడగ వైపు చూస్తాడు, మన వైపు చూడడు. నెల తర్వాత ఒకసారి మన వైపు చూస్తాడు. ఇంకో మూడు నెలలకు "బ" అంటాడు. అది మాట అని ఈ లోకంలో ఇద్దరికే తెలుస్తుంది, వాళ్ళమ్మకీ మనకీ. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు మెట్రోలో నిలబడి మనలో మనమే నవ్వుకుంటాం. పక్కవాళ్ళు వింతగా చూస్తారు.

ఈ పనిలో మెప్పు తక్కువ. ఉన్న ఆ కొంచెం ఇంకెవరికైనా పోతే ఎలా ఉంటుందో నాకు డాక్టర్ హేమ వచ్చాక తెలిసింది.

మొదటి అంతస్తు

డాక్టర్ హేమ జన్యువైద్యురాలు. ముప్పై నాలుగేళ్ళ వయసు. మొదటి అంతస్తులో అద్దాల తలుపున్న గది ఇచ్చారు. నాది కింద, మెట్ల పక్కన గది. ఎవరు పైకెక్కినా, కిందికి దిగినా అడుగుల చప్పుడు నా గదిలో వినిపిస్తుంది. ఆమె రాకముందు మా ఫైళ్ళలో కారణం అనే గడి ఉండేది. అందులో మేము "తెలియదు" అని రాసేవాళ్ళం. ఆమె వచ్చాక కొన్ని ఫైళ్ళలో ఆ గడి నిండడం మొదలైంది.

మొదట నిండిన ఫైల్ నేను మూడేళ్ళుగా చూస్తున్న పాపది. ఆ పాప చేత నీళ్ళు, అమ్మ, ఇంకా, వద్దు అనే నాలుగు మాటలు పలికించింది నేను. హేమ ఆ పాప రక్తం పరీక్షకు పంపింది. ఆరు వారాల్లో జబ్బు పేరు వచ్చింది. ఆ తల్లిదండ్రులు పై నుంచి ఏడుస్తూ దిగారు. మరునాడు పెద్ద మైసూరు పాక్ డబ్బా తెచ్చి పైకి వెళ్ళారు. సాయంత్రం అటెండర్ వచ్చి, "మేడమ్, మీకు కూడా ఇమ్మన్నారు" అని కాగితంలో చుట్టిన ఒక ముక్క నా బల్ల మీద పెట్టింది. దాన్ని నేను తినలేదు, ఎవరికీ ఇవ్వలేదు. చెత్తబుట్టలో వేశాను.

నన్ను కాల్చింది ఆమె డిగ్రీ కాదు, ఆ అద్దాల గది కూడా కాదు. ఇరవై ఏళ్ళుగా తల్లులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే: "ఎందుకు మిస్, నా బిడ్డకే ఎందుకు?" నా దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గర కొందరికి ఉంది. లేనివాళ్ళతో ఆమె "తెలియదమ్మా, ఇప్పటికి ఇంతవరకే తెలుసు" అనేది. నేను ఆ మాట అనలేకపోయేదాన్ని. ఫోన్ ఎక్కువ ఇచ్చారా, టీవీ ముందు కూర్చోబెట్టారా, ఉద్యోగానికి త్వరగా వెళ్ళిపోయారా అని అడిగేదాన్ని. తెర ముందు ఎక్కువసేపు కూర్చోబెట్టడం ఏ బిడ్డకూ మంచిది కాదు, అది నిజమే. కానీ ఆటిజం దానివల్ల వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలియని కారణం చోట తల్లిని నిలబెట్టాను, అంతే.

ఒక వారం మీటింగులో హేమ మమ్మల్ని ఒక సాయం అడిగింది. "మాట ఆలస్యమై, ఆటిజం లక్షణాలు కూడా కనిపిస్తున్న ప్రతి బిడ్డనూ ఒక్కసారి నా దగ్గరికి పంపండి. థెరపీ ఆపకండి. రెండూ పక్కపక్కన నడవనివ్వండి."

నేను అన్నాను: "పేరు తెలిస్తే మాట వస్తుందా డాక్టర్?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె నవ్వలేదు, నొచ్చుకోలేదు. "రాదు మేడమ్. కానీ ఇదే ఇబ్బంది ఆ ఇంట్లో ఇంకెవరికి రావచ్చో తెలుస్తుంది" అంది.

నేను ఆ జవాబు వినలేదు. నా ప్రశ్నకు నవ్వినవాళ్ళ నవ్వే వింటూ కూర్చున్నాను.

దొడ్డబళ్ళాపురం నుంచి ముగ్గురు

చేతన్ నా దగ్గరికి వచ్చినప్పుడు వాడికి మూడేళ్ళు నిండడానికి మూడు నెలలు తక్కువ. వాళ్ళమ్మ గాయత్రి, ఆమె తండ్రి హనుమంతప్ప వాడిని తీసుకుని దొడ్డబళ్ళాపురం నుంచి వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేవారు. గాయత్రి భర్త పవర్‌లూమ్ షెడ్డులో పనివాడు, ఆయనకు సెలవు దొరికేది కాదు. హనుమంతప్ప నలభై ఏళ్ళు పట్టు నేసిన మనిషి. ఇప్పుడు మగ్గం దిగేశాడు.

పిల్లవాడికి ఒక్క మాట లేదు. సంతోషం వేస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడించేవాడు. ఎవరైనా ముఖంలోకి చూస్తే తల తిప్పుకునేవాడు. పెద్ద చెవులు, మెత్తటి వేళ్ళు, ఎటు వంచితే అటు వంగే కీళ్ళు. ముందు వినికిడి పరీక్ష చేయించాను, అది బాగానే ఉంది. మాటలు రాని ఏ బిడ్డకైనా మీరు చేయించాల్సిన మొదటి పని అదే. అంతవరకు నేను సరిగ్గానే చేశాను.

తర్వాత నా మామూలు ప్రశ్న అడిగాను. "ఫోన్ ఇస్తారా?"

"అన్నం తినేటప్పుడు ఇస్తాం మిస్. లేకుంటే ముద్ద మింగడు."

"ఆపేయండి. సగం సమస్య అదే."

గాయత్రి తల వంచుకుంది. "మా అత్త కూడా అదే అంటా ఉంది మిస్. నేనే చెడిపితినని."

ఆ రోజు నుంచి ఆమె వాడికి ఫోన్ చూపించలేదు. వాడికి మాట రాలేదు, అన్నం కూడా సరిగ్గా దిగడం మానేసింది. ఆమె మాత్రం తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఆ తిట్టుకు ముద్ర వేసింది నేను.

కుటుంబ చరిత్ర అడిగే కాగితం ఒకటుంటుంది. "మీ ఇళ్ళల్లో మాటలు రానివాళ్ళు, బుద్ధి ఎదగనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. "ఎవరూ లేరు మిస్" అంది. రెండువైపులా లేరు అని రాసి సంతకం పెట్టాను. అప్పుడు హనుమంతప్ప గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కాఫీ కప్పు అందుకోబోతే ఆయన చెయ్యి వణికేది. అందుకోనంతవరకు నిలకడగా ఉండేది, చాచగానే వణుకు మొదలయ్యేది. నడిస్తే కొంచెం తూలేవాడు. చొక్కా మీద కాఫీ మరకలుండేవి. తెగిన పట్టుపోగును అతకలేకనే మగ్గం దిగానని ఆయనే ఒకసారి నాతో చెప్పాడు.

"డాక్టరుకి చూపించినారా?" అని అడిగాను.

"వయసు మేడమ్. ఏం చూపించేది?" అన్నాడు.

వయసే కాబోలనుకున్నాను. వారానికి రెండుసార్లు ఆయన చేతుల్ని చూస్తూ, ఆ పక్కనే ఉన్న మనవడి నోటిని చూస్తూ, రెండూ ఒకే సంగతి కావచ్చని నాకు తట్టలేదు. తట్టకపోవడం తప్పు కాదు, అది నా చదువు కాదు. ఆ చదువు చదివిన మనిషి ముప్పై మెట్ల దూరంలో ఉన్నా పంపకపోవడం తప్పు.

ఫైల్ వెనక కాగితం

పైకి పంపడానికి ఒక పసుపు కాగితం నింపాలి. మొదటి నెలలోనే నింపాను. పేరు, వయసు, లక్షణాలు రాశాను, తేదీ వేశాను. తర్వాత దాన్ని ఫైల్ చివర పెట్టేశాను.

కారణం మీతో దాచను. చేతన్ నా చేతిలో మాట్లాడాలి. హేమ రక్తపరీక్ష లేకుండా, ఆమె జబ్బుకు పేరు పెట్టకుండా, నేనే మాట తెప్పించాలి. వాడి చెయ్యి పట్టుకుని ఆ మీటింగుకు తీసుకెళ్ళి అందరి ముందు "అమ్మ" అనిపించాలి. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. ఇలాంటివి ఊహించుకునే వయసు కాదు నాది. అప్పటికి నాకు యాభై దాటాయి.

అయిదో నెలలో గాయత్రే అడిగింది. "మిస్, పైన ఒక డాక్టరమ్మ ఉండారంట. పిల్లోళ్ళకి ఇట్ల ఎందుకు అయితాదో చెప్తారంట. మేమూ పోయి చూపించాలా?"

వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న తల్లి ఎవరో చెప్పి ఉంటుంది. నా దగ్గర కూర్చుని హేమ ఊసెత్తడమా అనిపించింది.

"ఇప్పుడే వద్దమ్మా. రక్తం తీస్తారు, పిల్లవాడు బెదిరిపోతాడు. మనం చేసిన పనంతా వెనక్కి పోతుంది. అవసరమైతే నేనే చెబుతా."

"సరే మిస్. మీరు చెప్తే సరి."

ఆమె నన్ను ఎంత నమ్మిందంటే, మళ్ళీ అడగలేదు.

ఆ నెలల్లో ఇంకో పొరపాటు కూడా చేశాను. రేపు బడిలో కన్నడమే కదా, ఇంట్లో కూడా ఒక్క కన్నడమే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లవాడు తికమకపడతాడని చెప్పాను. చాలా ఏళ్ళుగా అందరికీ చెబుతున్న మాటే అది. హనుమంతప్పకు కన్నడం వచ్చు, కానీ మనవడితో ముచ్చట్లాడే భాష ఆయనకు తెలుగే. రెండు నెలల తర్వాత చూస్తే ఆయన పిల్లవాడితో అసలు మాట్లాడడమే మానేశాడు. ఊరికే భుజం మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. ఏమైందని అడిగితే, "తప్పు మాట వచ్చేస్తుందేమోనని మేడమ్" అన్నాడు. ఆ రోజే ఆ నియమం తీసేశాను. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. బిడ్డతో ఎవరికి ఏ భాషలో ప్రేమ పలుకుతుందో ఆ భాషే మాట్లాడనివ్వండి. ఈ పొరపాటు నేను తెలియక చేసింది, తెలియగానే దిద్దుకున్నాను. పసుపు కాగితం అలా కాదు.

ఆ ఏడాదే గాయత్రి చెల్లెలు పవిత్రకు పెళ్ళి కుదిరింది. నన్ను పిలిచారు, దొడ్డబళ్ళాపురం వెళ్ళాను. ఇంటి మనిషిలా కూర్చోబెట్టి భోజనం పెట్టారు. కొత్త దంపతుల తల మీద అక్షింతలు వేశాను. కొన్ని నెలలకు గాయత్రి నవ్వుతూ గదిలోకి వచ్చి, "మిస్, నా చెల్లెలు నీళ్ళు పోసుకుంది" అని చెప్పింది. చాలా సంతోషమన్నాను. ఆ మాట అంటున్నప్పుడు చేతన్ ఫైల్ నా ఒళ్ళోనే ఉంది.

మూడు వారాల సెలవు

మోకాలి ఆపరేషన్ కోసం నేను మూడు వారాలు సెలవు పెట్టాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూడడానికి మా విభాగం పెద్ద డాక్టర్ మూర్తి ఫైళ్ళన్నీ తెప్పించుకున్నారు. ఆయన చేతికి పసుపు కాగితం దొరికింది. మరుసటిసారి చేతన్ రాగానే పైకి పంపారు.

నేను చేతికర్రతో తిరిగి వచ్చేసరికి రిపోర్టులు వచ్చేశాయి. హేమ కబురు పెట్టింది. "మేడమ్, ఆ కుటుంబానికి ఈ రోజు చెబుతున్నాను. మీరు పక్కన ఉంటే వాళ్ళకు ధైర్యం" అంది. లిఫ్టులో పైకి వెళ్ళాను.

మొదటిరోజు ఏం జరిగిందో ఆమె సహాయకురాలు అప్పటికే నాకు చెప్పింది. పిల్లవాడిని చూడకముందే హేమ తాతను చూసిందట. ఆయన చెయ్యి చాచి ఫైల్ ఇస్తుంటే, "తాతా, ఈ వణుకు ఎప్పటినుంచి? నడిస్తే తూలుతున్నారా? మీకు కూతుళ్ళు ఎంతమంది?" అని వరసగా అడిగిందట. పది నిమిషాల్లో ఏ పరీక్ష చేయించాలో రాసేసింది. ఇది విన్నప్పుడు నాకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు. ఆ కళ్ళు నాకెందుకు లేవన్న కుళ్ళు. ఆ తర్వాతే మిగతాది.

హేమ ఒక కాగితం మీద గుండ్రాలు, చదరాలు గీసి చెప్పింది. మన శరీరంలో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. ఎక్స్ అనే క్రోమోజోమ్ మీద ఒక జన్యువులో, ఒకే మూడక్షరాలు మళ్ళీ మళ్ళీ రాసి ఉన్న చోటు ఉంది. చాలామందికి అది పొట్టిగా ఉంటుంది. హనుమంతప్పకు కొంచెం పొడుగు. అందువల్ల ఆయన చిన్నప్పుడు మాటకూ బుద్ధికీ ఏ లోటూ రాలేదు, పెద్దవయసులో వణుకు వచ్చింది. తండ్రి తన ఎక్స్ కూతుళ్ళందరికీ ఇస్తాడు, కాబట్టి గాయత్రికి వచ్చింది. తల్లి నుంచి బిడ్డకు వెళ్ళేటప్పుడు ఆ చోటు ఇంకా సాగిపోవచ్చు. ఒక హద్దు దాటితే ఆ జన్యువు పనిచేయడం మానేస్తుంది. చేతన్‌కు జరిగింది అదే.

గాయత్రి చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. తర్వాత అడిగింది: "అయితే ఫోన్ వల్ల కాదా డాక్టరమ్మా?"

"కాదమ్మా. మీరు చేసిన దేనివల్లా కాదు."

గాయత్రి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

హనుమంతప్ప తన చేతుల్ని ఒళ్ళో ఒకదాని కింద ఒకటి దాచుకున్నాడు. "నా నుంచి వచ్చిందా అమ్మా?"

"మీరు తెలిసి ఇచ్చింది కాదు తాతా. మగవాళ్ళకు ఎక్స్ అమ్మ నుంచే వస్తుంది. మీ అమ్మ నుంచి మీకు వచ్చింది, ఆమెకీ తెలియదు. ఇందులో దోషం ఎవరిదీ కాదు. గాయత్రీ, మీ అత్తగారింటి వాళ్ళు ఏమైనా అంటే వాళ్ళను నా దగ్గరికి తీసుకురండి, నేను మాట్లాడతాను."

"నాకిద్దరు కూతుర్లు" అన్నాడు ఆయన.

"ఇద్దరికీ వెళ్ళి ఉంటుంది తాతా. రెండో అమ్మాయిని కూడా పరీక్షకు పిలవండి. పెళ్ళైందా?"

గాయత్రి నెమ్మదిగా చెప్పింది. "దానికిప్పుడు ఏడో నెల."

చేతన్ నేల మీద కూర్చుని కుర్చీ చక్రాన్ని తిప్పుతున్నాడు. హేమ ఫైల్ తిరగేసింది. పసుపు కాగితం మీద నేను వేసిన తేదీ చూసింది. తర్వాత ఒక్కసారి నన్ను చూసింది. ఏమీ అడగలేదు. వాళ్ళ వైపు తిరిగి, "ఇన్ని నెలలు నిండాక కడుపులో బిడ్డకు పరీక్ష చేయమని నేను చెప్పను. పుట్టాక చేద్దాం. ముందే తెలిస్తే మాటల పని మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టొచ్చు" అంది. ఆమె అడగకపోవడం నన్ను ఈ రోజు వరకూ బాధిస్తుంది. నాకున్న కుళ్ళులో పిసరంత ఆమెకు నా మీద ఉండి ఉంటే, వాళ్ళ ఎదురుగానే అడిగేసేది.

మూర్తి గారు మాత్రం పిలిపించారు. ఆయన కన్నడంలో అన్న మాటలివి: "రేణుకా, తెలియక పంపకపోతే నేర్పేవాడిని. నువ్వు నింపి, తేదీ వేసి, పంపలేదు. నీకు ఇప్పుడు నేనేం నేర్పను?" ఉద్యోగంలో నేను తిన్న చీవాట్లన్నిటిలో గొంతు పెంచకుండా పెట్టినవి ఇవి మాత్రమే.

పవిత్ర కొడుకు

పవిత్రకు పరీక్ష చేశారు. ఆమెకూ ఉంది. బిడ్డకు రావడానికి, రాకపోవడానికి సమానంగా అవకాశం ఉందని హేమ చెప్పింది. మగబిడ్డ పుట్టాడు. రక్తం పంపారు. ఫలితం వచ్చేవరకు నేను నా గది ముందు ఎవరు మెట్లు దిగినా తలెత్తి చూసేదాన్ని. హేమ తనే దిగి వచ్చి చెప్పింది: "లేదు మేడమ్. బిడ్డకు రాలేదు."

నా తప్పు వల్ల ఒక ఇంటికి జరగాల్సిన నష్టం జరగలేదు. కానీ పెళ్ళికి ముందు, గర్భానికి ముందు తెలుసుకుని ఆలోచించుకునే అవకాశాన్ని పవిత్ర నుంచి నేను తీసేసుకున్నాను. బిడ్డ ఆరోగ్యంగా పుట్టడం నా గొప్ప కాదు. నా తప్పు అంతే ఉంది.

తర్వాతి వారం గాయత్రి ఒక్కతే చేతన్‌తో వచ్చింది. ఆ వేళ వాడు బాగా అలసిపోయి ఒళ్ళో పడుకున్నాడు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"మిస్, మీకు ఒక్కరికే చెప్తా ఉండా. చెల్లెలి కొడుక్కి లేదని ఫోన్ చేసిరి. అందరూ నవ్వతా ఉండారు. నేను బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పి ఏడిస్తిని. ఇద్దరం ఒక కడుపున పుట్టినాం, ఇద్దరిదీ ఒకటే రక్తం, నాకే ఎందుకు వచ్చె అని. దాని కొడుకు పెద్దై మాట్లాడితే నేను ఎట్ల వినేది అని. నేను చెడ్డదాన్ని మిస్."

అప్పుడు నేను చెప్పేశాను. పసుపు కాగితం, తేదీ, ఆమె అడిగినప్పుడు నేను చెప్పిన అబద్ధం, ఎవరి మీద కుళ్ళుతో చెప్పానో, అన్నీ. ఆమె తనను చెడ్డదాన్నని అనుకుంటూ ఉంటే పక్కన మంచిదానిలా కూర్చోలేకపోయాను. నాకు అది ధైర్యంలా అనిపించింది.

ఆమె కదలకుండా విన్నది. చేతన్ తల మీది చెయ్యి కూడా కదపలేదు.

"ఇప్పుడెందుకు చెప్తా ఉండారు మిస్? మీ బరువు దింపుకోడానికా?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు.

"నా కుళ్ళు నా ఇంట్లోనే ఉండాది. కొళాయి కింద పోయింది. మీది నా కొడుకు ఫైల్లో కూర్చునింది." ఆమె వాడిని భుజాన వేసుకుని లేచింది. "పవిత్రకి నేను చెప్పను. అది మిమ్మల్ని పెళ్ళికి పిలిచింది."

మరుసటి వారం నుంచి చేతన్ పక్క గదిలోని థెరపిస్టు లలిత దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. లలిత నాకంటే పదేళ్ళు చిన్న, మంచి పనిమంతురాలు. మార్పు ఎందుకని ఆమె నన్ను అడగలేదు, గాయత్రి చెప్పనూ లేదు.

నాకు తెలిసినంత

జన్యువుల గురించి నాకు తెలిసింది కొంచెమే, ఆలస్యంగానే తెలిసింది. ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దది. అయినా చాలామంది పిల్లలకు ఇలా ఒక్క జన్యువు, ఒక్క పేరు దొరకదు. ఎన్నో చిన్న చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి. పరీక్షలో ఏమీ దొరకలేదంటే జన్యువుల్లో ఏమీ లేదని కాదు, ఇప్పటి పరీక్షలకు అందలేదని. కొన్ని రిపోర్టుల్లో అర్థం తేలని మార్పు అని వస్తుంది. దానికి మీరు అర్థం చెప్పబోకండి, పైకి పంపండి. తండ్రో మేనమామో ఆలస్యంగా మాట్లాడాడని ఇంట్లోవాళ్ళు చెబితే రాసుకోండి, కానీ దాన్ని నమ్ముకుని ఆరు నెలలు ఆగకండి. రిపోర్టు కోసం థెరపీ ఆపకండి. థెరపీ కోసం రిపోర్టు ఆపకండి.

కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు మీకు కావలసిన జవాబు కోసమే అడగకండి. చేతులు వణికేవారున్నారా, చిన్నవయసులోనే నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళున్నారా, పుట్టి పోయిన పిల్లలున్నారా, అన్నీ అడగండి. గది బయట బల్ల మీద ఎవరు కూర్చున్నారో లేచి వెళ్ళి చూడండి.

కారణం తెలియకపోతే తెలియదని చెప్పండి. తల్లి మీద పెట్టకండి.

అసూయ గురించి మాత్రం మీకు ఏ ఉపాయమూ చెప్పలేను. హేమ పక్కన ఆ తర్వాత ఆరేళ్ళు పనిచేశాను. ప్రతి బిడ్డనూ మొదటి వారంలోనే పైకి పంపాను. పంపిన ప్రతిసారీ లోపల ఎక్కడో గీరుకునేది. అది పోతుందని ఎదురుచూడకుండా చెయ్యి తన పని తాను చేసేలా అలవాటు చేసుకున్నాను, అంతే.

చెక్క గోడ అవతల

నా గదికీ లలిత గదికీ మధ్య పలుచని చెక్క గోడ. అప్పటికి చేతన్‌కు అయిదేళ్ళు దాటాయి. ఒక్కో మాట వస్తోందని వినిపించేది. బస్సు, నీళ్ళు, అమ్మ. ఒంటరి మాటలే, జత కలిసేవి కావు. హనుమంతప్పకు తూలడం ఎక్కువై ఆ నెలలో రావడం ఆగిపోయింది.

ఒక మంగళవారం ఉదయం నా ముందు కొత్త పాప ఉంది. బుడగలు ఊదుతున్నాను. గోడ అవతల లలిత ఏవో బొమ్మలు చూపించి పేర్లడుగుతోంది. చేతన్ జవాబివ్వలేదు. వాడి కుర్చీ కిర్రుమని తలుపు వైపు తిరిగింది. తర్వాత వాడి గొంతు, తెలుగులో, విడివిడిగా, స్పష్టంగా వినిపించింది.

"తాత. రాలే."

రెండు మాటలు జత కలిశాయి. ఎవరూ నేర్పని వాక్యం. గాయత్రి ఏడుపు వినిపించింది. లలిత "అవును నాన్నా, తాత రాలేదు, తాత ఇంట్లో ఉండాడు" అంటోంది. నా చేతిలో బుడగల సీసా అలాగే ఉండిపోయింది. నా ముందున్న పాప అది లాక్కోబోయింది.

వాడు మొదటిసారి రెండు మాటలు కలిపిన గది నాది కాదు. వాడి ఎదురుగా కూర్చున్న మనిషి నేను కాదు. అది నా చేతులారా నేనే ఇచ్చేసింది, తెలుసు. అయినా ఆ క్షణంలో లలిత మీద నాకు పుట్టిన కుళ్ళు, మొదటి అంతస్తు మీద పుట్టినదానికి ఏమాత్రం తక్కువ కాదు.

మధ్యాహ్నం లలిత అన్నం డబ్బా పట్టుకుని నా గదికి వచ్చి, విన్నారా మేడమ్ అని అడిగింది. పని ఉందని చెప్పి ఫైల్లోకి తల దించుకున్నాను. ఆమె వెళ్ళిపోయింది.

చాలా బాగా చేశావు లలితా అని ఆమె గదికి వెళ్ళి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.